గాలి మోసే బండి!

సికింద్రాబాద్ స్టేషన్లో విశాఖ వెళ్లే వందే భారత్ ఎక్కారా? చేతిలో టీకప్పు పెద్దగా తొణక్కపోతే ఆ గొప్ప పట్టాలది ఒక్కటే కాదు, గాలిది కూడా! 2023 జనవరి 15న, సంక్రాంతి రోజున మొదలైన ఈ రైలు పెట్టెల కింద ఇనుప స్ప్రింగులతో పాటు గాలి నింపిన రబ్బరు తిత్తులుంటాయి. జనం ఎక్కి పెట్టె కాస్త కిందికి దిగగానే ఓ చిన్న వాల్వు తెరుచుకుని తిత్తిలోకి గాలి పంపుతుంది. వాళ్లు దిగిపోతే ఆ గాలిని వదిలేస్తుంది. అందుకే ఖాళీగా ఉన్నా నిండుగా ఉన్నా పెట్టె ఒకే ఎత్తులో ఉంటుంది.

రైలు పెట్టెల బాగోగులు ఈ ఊరికి కొత్త కాదు. వాడి నుంచి నిజాం రైలు ఇక్కడికి వచ్చింది 1874లో. లాలాగూడ వర్క్‌షాపు వెలిసింది 1893లో. ఇటు రాణిగంజ్‌కి వస్తే రోడ్డు బండ్ల విడిభాగాల బజారు. ఈ రెండు విద్యలూ కలిస్తే... కారు వెనక తగిలించుకుని ఊళ్లు తిరిగే చిన్న ఇంటిబండినీ గాలి మీద నడిపించొచ్చు.

లెక్క తేలికే. ఇరుసు మీద 900 కిలోలు పడితే చెరోపక్కా 450. తిత్తి వైశాల్యం 100 చదరపు సెంటీమీటర్లయితే లోపలి పీడనం చదరపు సెంటీమీటరుకు నాలుగున్నర కిలోలు ఉండాలి. అంటే కారు టైరులో ఉండేదానికి దాదాపు రెట్టింపు!

అసలు చిక్కులు ఆ తర్వాతే. కమాన్ పట్టీలు బరువు మోస్తూనే ఇరుసునూ పట్టి ఉంచుతాయి. తిత్తికి ఆ రెండోపని చేతకాదు. అందుకని ఇరుసు ముందుకీ వెనక్కీ, పక్కలకీ జరక్కుండా విడిగా ఇనుప కడ్డీలు బిగించాలి. రెండు తిత్తులనీ ఒకే గొట్టంతో కలిపితే, మలుపులో బరువు పడ్డ వైపు గాలి అవతలికి పరుగెత్తి బండి మరింత ఒరుగుతుంది. ఏ పక్క గాలి ఆ పక్కే ఉండాలి. ఊపు ఆపడానికి షాక్ అబ్సార్బర్లూ తప్పనిసరి.

మరి దారిలో తిత్తి పేలితే? రైల్లో తిత్తితో పాటు గట్టి రబ్బరు స్ప్రింగు కూడా ఉంటుంది. గాలి పోతే పెట్టె దానిమీద కూర్చుని నెమ్మదిగా స్టేషను చేరుతుంది. ఇంటిబండికీ అలాంటి దిమ్మ ఉండాల్సిందే. వెనక బండి అదుపు తప్పితే పిల్లాపాపలున్న కారునీ లాగేస్తుంది. రిజిస్టరైన బండిలో మార్పులకు చట్టం హద్దులు పెట్టింది కాబట్టి రవాణాశాఖను ముందే అడగడం మంచిది.

గాలిని నమ్ముకోవచ్చు. జాగ్రత్తల్నే గాలికి వదిలేయకూడదు!