చిట్టి వచ్చాక బంగారి

ఆగస్టు 3, 2025, ఆదివారం

సెల్లార్‌లో జనరేటర్ పక్కన అరుస్తూ తిరుగుతున్న పిల్లికూనను ఇవాళ ఇంటికి తెచ్చేశాం. చిట్టి అని పేరు పెట్టాం. తల్లి జాడ లేదు. వానకు ఒళ్ళంతా ముద్దగా తడిసి ఉంది. ముందు డాక్టరు గారికి చూపించాం. ఆడది, రెండున్నర నెలలు ఉండొచ్చన్నారు. నులిపురుగుల మందు పట్టించారు. కాస్త తేరుకున్నాక ట్రైక్యాట్ టీకా వేసి, మూడు నాలుగు వారాలకు రెండో డోసు ఇస్తారట. "రెండు వారాలైనా పెద్దదాని కంట పడనివ్వకండమ్మా" అని గట్టిగా చెప్పారు. పిల్లులకు సోకే పాన్‌ల్యూకోపీనియా వైరస్ చెప్పులకూ బట్టలకూ అంటుకుని కూడా వస్తుంది, ఇంట్లో చేరితే నెలల తరబడి చావదు. మా పెద్ద పిల్లి బంగారికి టీకాలన్నీ పడ్డాయి. అయినా సరే, చిన్న గది చిట్టికి ఇచ్చేసి గిన్నెలు, ఇసుక ట్రే, పడుకునే అట్టపెట్టె అన్నీ వేరే పెట్టాను.

బంగారి నా చేతులు వాసన చూసి, బీరువా ఎక్కి కూర్చుంది. ఆరేళ్ళుగా ఈ ఇల్లు దానిది. బీరువా పైభాగం, వంటింటి కిటికీ గట్టు, మా మంచం మీద కాళ్ళవైపు చోటు... వీటిలో ఒక్కటి కూడా దానికి తగ్గకూడదు.

ఆగస్టు 8, శుక్రవారం

వరలక్ష్మీ వ్రతం. పేరంటాళ్ళతో ఇల్లు నిండిపోయింది. పిల్లలు ఎంత వెంటపడ్డా చిన్న గది తలుపు తీయలేదు.

ఆగస్టు 12, మంగళవారం

పిల్లికి ముందు వాసన, తర్వాతే చూపు. బుగ్గల్లో, గడ్డం కింద, పాదాల మెత్తల మధ్య వాసన గ్రంథులుంటాయి. గుమ్మానికి బుగ్గ రుద్దిందంటే "ఇది నాది" అని రాసుకున్నట్టే. అందుకే పాత తువ్వాలుతో చిట్టి బుగ్గలు నిమిరి, దాన్ని హాల్లో ఓ మూల పరిచాను. బంగారి మెడ చాచి, ఒక్కో అడుగే వేస్తూ వచ్చింది. ముక్కు ఆనించింది. పైపెదవి కొద్దిగా ఎత్తి, నోరు సగం తెరిచి అలాగే నిలబడిపోయింది. అంగిట్లో ఉన్న మరో వాసన అవయవానికి ఆ గాలిని అందిస్తోందన్నమాట. తర్వాత బుస కొట్టి వెళ్ళిపోయింది. కొట్టనీ. బుస అంటే దగ్గరికి రావద్దని చెప్పడం, అంతే. అలా చెప్పినందుకు దాన్ని కసరకూడదు.

అత్తయ్య మాత్రం, "రెండిట్నీ ఒకచోట వదిలెయ్యమ్మా, అవే సర్దుకుంటాయి" అంటున్నారు. నేను ఒప్పుకోలేదు. పిల్లి ఒంటరిగా వేటాడే జీవి. మొదటి పరిచయమే కొట్లాట అయితే ఆ భయం పోగొట్టడానికి నెలలు పట్టొచ్చు.

ఆగస్టు 18, సోమవారం

తలుపుకు అటొక గిన్నె, ఇటొక గిన్నె. మొదట దూరంగా పెట్టి, పూటపూటకూ కాస్త దగ్గరికి జరుపుతున్నాను. ఉప్పు వెయ్యకుండా ఉడికించిన చికెన్ ఇప్పుడు తలుపు దగ్గర తప్ప ఇంకెక్కడా దొరకదు బంగారికి. చిట్టి వాసన వచ్చిందంటే తిండి వచ్చిందని దాని మనసుకు పట్టాలి. రేపు వడ్రంగి వచ్చి ఆ గుమ్మానికి దోమల జాలీ తలుపు బిగిస్తాడు.

ఆగస్టు 27, బుధవారం

వినాయక చవితి. జాలీకి చెరోవైపు ఇద్దరూ తింటుండగా వీధిలో డప్పులు మొదలయ్యాయి. బంగారి తోక ఉబ్బిపోయింది. ఎదురుగా చిట్టి కనబడేసరికి జాలీ మీదికి దూకేసింది. కోపం చిట్టి మీద కాదు. డప్పుల భయం ఎదురుగా ఉన్నదాని మీద పడింది. ఆయన ఎత్తుకోబోతే ఆపాను. ఆ స్థితిలో ఉన్న పిల్లి మీద చెయ్యి వేస్తే ఎవరినైనా చీరేస్తుంది. మధ్యలో దుప్పటి అడ్డం పెట్టి, దాన్ని చీకటిగా ఉన్న పడగ్గదిలోకి పోనిచ్చి తలుపు వేశాం. జాలీకి దుప్పటి కట్టేశాను. గిన్నెలు మళ్ళీ దూరం నుంచి మొదలు.

సెప్టెంబర్ 6, శనివారం

నిమజ్జనం. పొద్దుటి నుంచే చెరో గదిలో పెట్టి, కిటికీలు మూసి, ఫ్యాన్లు పెద్దగా తిప్పాం.

సెప్టెంబర్ 14, ఆదివారం

ఇవాళ జాలీ తలుపు తీశాం. రెండు పిల్లులకు మూడు ఇసుక ట్రేలు, అవీ మూడు చోట్ల. లేకపోతే ఒకటి దారి కాసి, రెండోదాన్ని దొడ్డికి కూడా పోనివ్వదు. చిట్టి తిన్నగా బంగారి గిన్నె దగ్గరికే నడిచింది. బంగారి గోళ్ళు బయటపెట్టకుండా నెత్తి మీద ఒక్కటిచ్చింది. చిట్టి వెనక్కి తగ్గి కూర్చుంది. నేను ఊపిరి బిగబట్టి బంగారి కళ్ళే చూస్తున్నాను. రెప్ప వేయకుండా గుచ్చి చూస్తే బెదిరింపు. అది మొహం పక్కకు తిప్పుకుని, పాదం నాక్కోవడం మొదలుపెట్టింది. మెల్లగా కళ్ళు మూసి తెరిచాను, అదీ మూసి తెరిచింది. మనుషులు ఇలా చేస్తే పిల్లులు కూడా అలాగే బదులిస్తాయని ససెక్స్ యూనివర్సిటీ వాళ్ళు 2020లో పరిశోధించి రాశారు. అది చదివినప్పటి నుంచి బంగారితో నా మాటలన్నీ ఇలాగే.

అక్టోబర్ 2, గురువారం

దసరా. ఇద్దరూ ఒకే దివాన్ మీద పడుకున్నారు, మధ్యలో దిండంత ఖాళీ. ఒకదాన్నొకటి నాక్కోవు, ఆనుకోవు. అక్కర్లేదు కూడా. ఒకే కప్పు కింద బెదురు లేకుండా తిని, పడుకుని, తిరగగలిగితే అది చాలా పెద్ద సంగతి. బీరువా పైభాగం ఇప్పటికీ బంగారిదే.

చిట్టికి రెండో డోసు, రేబీస్ టీకా పడ్డాయి. దీపావళి వెళ్ళాక పిల్లలు పుట్టకుండా ఆపరేషన్. ఆస్పత్రి వాసనతో వస్తే బంగారి దాన్ని కొత్తదానిలాగే చూస్తుంది. అందుకని రాగానే మళ్ళీ చిన్న గదిలోనే ఉంచాలి. జాలీ తలుపు ఊడదీయొద్దని ఆయనకు చెప్పాను.