తాత చాకుకు సాన పట్టి తప్పు చేసినం

పోస్టు కొంచెం పొడుగైంది, ఓపికగా చదవండి.

మేం నలుగురం. ఇద్దరం నేలకొండపల్లి దగ్గరి తండాలోళ్లం, ఇద్దరం భద్రాచలం అవతలి కోయగూడేలోళ్లం. ఖమ్మంలో ఒకే హాస్టల్‌లో చదువుకున్నం. రెండేండ్ల నుంచి పాత మడత చాకులు పోగు చేస్తున్నం. మేకల కాడికి పోయేటప్పుడు పెద్దోళ్లు జేబులో వేసుకొని, పుల్ల చెక్కడానికి, పొగాకు కోయడానికి వాడేవి. ఇప్పుడు మా పెట్టెలో పది ఉన్నయ్. పదకొండు ఉండాల్సింది. ఆ ఒక్కదాని గురించే ఈ పోస్టు.

"కత్తులతో మీకేం పనిరా?" అని చాలామంది అడిగిన్రు. మాకు కావాల్సింది అది మారుకుంటూ వచ్చిన తీరు. మా దగ్గరున్న వాటిల్లో పాతవాటికి స్ప్రింగు లేదు. కట్టె పిడిని చీల్చి, మధ్యలో బ్లేడు పెట్టి, ఒక్క రివిట్ కొట్టిన్రు. ఆ రివిట్ బిగువు మీదనే బ్లేడు నిలబడాలి, వదులైతే వేలు తెగుతది. తర్వాతవాటికి వెనుక స్ప్రింగు పట్టీ వచ్చింది, తెరిస్తే టక్కుమంటది. ఇప్పుడు సంతలో దొరికేవి ప్లాస్టిక్ పిడివి, తుప్పు పట్టని స్టీలువి.

ఇది మన దగ్గరే కాదు. ఫ్రాన్స్‌లో 1890లో జోసెఫ్ ఓపినెల్ మొదలుపెట్టిన కట్టె పిడి చాకుకు కూడా మొదట్లో తాళం లేదు. బ్లేడును ఆపే తిరిగే రింగు 1955లో వచ్చింది. చిన్న సైజులకు ఇప్పటికీ ఉండదు గానీ, పెద్ద సైజు చాకుకు రింగు లేదంటే అది పాతదని పట్టేస్తరు. స్విట్జర్లాండ్‌లో కార్ల్ ఎల్సెనర్ 1891లో సైన్యానికి ఇచ్చిన చాకుకూ కట్టె పిడే. వాటి పుట్టుక కాగితాల మీద రాసి ఉంది. మన చాకులకు కాగితం లేదు. చాకు మీద గుర్తులు, పెద్దోళ్ల నోటి మాట, అంతే.

ఆ గుర్తుల్నే మేం చెరిపేసినం.

ఒక గూడెంలో ఒక తాత తన చాకు ఇచ్చిండు. నల్లబడ్డ కట్టె పిడి, తుప్పు పట్టిన బ్లేడు. "తీస్కపోండ్రి బిడ్డా, పారెయ్యకుండ్రి" అన్నడు. మేం అందంగా చేద్దామని గరుకు కాగితంతో రుద్దినం, సాన పట్టినం, ఫోటో తీసినం. చూపిద్దామని మళ్లీ పోయినం. తాత పిడి మీద బొటనవేలు పెట్టి అటూ ఇటూ తడిమిండు. "నా లెక్క ఏదిరా?" అన్నడు.

పిడి మీద చిన్న చిన్న గాట్లు ఉండె. కొడుకు చదువు కోసం మేకను అమ్మిన ప్రతిసారీ ఒక గాటు పెట్టుకున్నడట. మేం అవి గీతలనుకున్నం. రుద్దకముందు ఫోటో తియ్యలేదు, లెక్క పెట్టలేదు. తొమ్మిదో పదో అన్నడు తాత. తిట్టలేదు. తిడితే బాగుండేది. చాకు ఆయన దగ్గరనే పెట్టి వచ్చినం.

అప్పటి నుంచి ముందు ఫోటో. తెరిచి, మూసి, రెండు పక్కలా, పక్కన స్కేలు పెట్టి. గరుకు కాగితం ముట్టం, సాన పట్టం. పొడి గుడ్డతో తుడిచి, రివిట్ దగ్గర ఒక్క చుక్క నూనె వేస్తం. పెద్దోళ్లు చెప్పింది వాళ్ల మాటల్లోనే, కోయలో అయినా లంబాడీలో అయినా, తెలుగు అక్షరాలతో రాసుకుంటం. ఇయ్యనంటే రాసుకొని వచ్చేస్తం, అడిగి అడిగి విసిగించం.

ఇంకో మాట. ఆయుధాల నిబంధనల్లో 9 అంగుళాల కన్నా పొడుగు లేదా 2 అంగుళాల కన్నా వెడల్పు బ్లేడు కత్తుల మీద ఆంక్షలున్నయ్. ఇంటి పని, వ్యవసాయ పనిముట్లకు మినహాయింపు ఉంది. మనవి చిన్నవే. అయినా జేబులో పెట్టుకొని కాలేజీకో, పరీక్షకో పోకండి.

మీ ఇంట్లో పాత చాకు ఉంటే పాత సామాన్లోళ్లకు వెయ్యకండి. దాని మీద గాటు కనిపిస్తే, రుద్దకముందు అది ఎందుకుందో అడగండి. చెప్పేటోళ్లు ఉన్నప్పుడే అడగండి.