పొత్తిగుడ్డలు: పుట్టబోయే బిడ్డకు ఏమి కొనాలి?



మొన్న స్త్రీల కూడిక ముగిసిన తర్వాత ఒక సహోదరి మా దగ్గర ఆగిపోయింది. ఆమెకు ఏడో నెల. తొలి కాన్పు. చేతిలో నోటుపుస్తకం నుంచి చించిన రెండు కాగితాలు ఉన్నాయి. ఫోన్‌లో వీడియోలు చూసి, పుట్టబోయే బిడ్డకు కావలసినవన్నీ వరుసగా రాసుకొంది. మొత్తం ముప్పై ఒక్క వస్తువులు. పక్కనే ధరలు. కింద కూడిక వేస్తే ఇరవై నాలుగు వేలు దాటింది.

ఆమె భర్త జమ్మలమడుగు దగ్గర నాపరాయి పాలిష్ ఫ్యాక్టరీలో పని చేస్తాడు. అంత లెక్క చేతిలో లేదు. ప్రొద్దుటూరులో తెలిసినాయన ఒకరు నూటికి మూడు రూపాయల వడ్డీకి ఇస్తానన్నాడట. "అయ్యగారూ, అమ్మా, ఇందులో ఏది కొనాల, ఏది వద్దో మీరే గీత కొట్టండి. మీరు చెప్తే మా అత్త గూడా వింటాది" అంది.

ఇరవై నాలుగు వేలకు నూటికి మూడు అంటే నెలకు ఏడు వందల ఇరవై. ఏడాదికి ఎనిమిది వేల ఆరు వందల నలభై. బిడ్డ మొదటి పుట్టినరోజుకు అసలు అట్లాగే ఉంటుంది. కొన్న వస్తువుల్లో సగం అప్పటికి అటక మీద ఉంటాయి. లెక్క ఇంత తేలికగా కనబడుతున్నా, ఆ రోజు మేము వెంటనే కలం తీయలేకపోయాం. ఎందుకో ముందు మీతో చెప్పాలి. ఇది మా ఒప్పుకోలు.

మూడేళ్ల కిందట మన సంఘంలో ఒక బిడ్డ ప్రతిష్ఠ ఎంతో ఘనంగా జరిగింది. ఆ సహోదరుడు కువైట్‌లో కష్టపడి సంపాదించినవాడు. సంతోషం కొద్దీ మందిరాన్ని అలంకరించాడు, అందరికీ బిర్యానీ పెట్టాడు, బిడ్డను పూల ఉయ్యాలలో తెచ్చాడు. అందులో ఆయన తప్పు ఏమీ లేదు. తప్పు మాది. వచ్చిన కానుకలను మేమే మైకులో చదివాం. ఫలానావారు వెండి ఉగ్గుగిన్నె, ఫలానావారు బంగారు ఉంగరం, ఫలానావారు తోపుడు బండి అని. చదివిన ప్రతిదానికీ చప్పట్లు కొట్టించాం.

ఆ తర్వాత నెలలు గడిచాయి. వెనక వరుసలో కూర్చునే ఒక కుటుంబం తమ పాపను ప్రతిష్ఠకు తీసుకురాలేదు. ఆదివారం తప్పకుండా వస్తారు, కానీ ముందుకు రారు. వాళ్లకు భక్తి చల్లారిందని అనుకున్నాం. అంతటితో ఆగక, ఒక ఆదివారం పిల్లలను ప్రభువుకు అప్పగించడంలో అశ్రద్ధ చేసే తల్లిదండ్రుల గురించి గట్టిగా ప్రసంగం చేశాం. ఆ తల్లి తల వంచుకుని విన్నది.

వారం తర్వాత మేమిద్దరం వాళ్ల ఇంటికి వెళ్లాం. పాప దూలానికి కట్టిన పాత చీర ఉయ్యాలలో పడుకొని ఉంది. ఏడు నెలల పాప, చేతులు సన్నగా ఉన్నాయి. ప్రతిష్ఠ సంగతి ఎత్తేసరికి ఆ తల్లి, "లెక్క జమ చేసుకుంటాండాం అయ్యగారూ. తెల్ల గౌను కొనాల, అందరికీ భోజనం పెట్టలేకపోయినా కేకన్నా తేవాల గదా. ఉత్త చేతులతో యెట్లా వచ్చేది?" అంది.

ఉత్త చేతులతో ఎట్లా వచ్చేది! ఆ మాట మాకు కత్తిపోటు లాగా తగిలింది. మైకులో మేము చదివిన జాబితాయే ఆ పాపకు, బలిపీఠానికి మధ్య గోడ కట్టింది.

అక్కడితో అయిపోలేదు. గూట్లో ఒక పాలసీసా ఉంది. "మీరిచ్చిందే అమ్మా" అని ఆమె నవ్వింది. నిజమే. ఆ రోజుల్లో పుట్టిన ప్రతి బిడ్డకూ మేము ఒక గిఫ్టు పెట్టె ఇచ్చేవాళ్లం. అందులో పాలసీసా, పౌడరు, కాటుక ఉండేవి. ఆమె మూడో నెలలోనే కూలికి వెళ్లింది. సీసా ఇంట్లో ఉంది కాబట్టి పాలడబ్బా తెచ్చారు. డబ్బా ఖరీదు కాబట్టి, ఎక్కువ రోజులు రావాలని పొడి తక్కువ, నీళ్లు ఎక్కువ కలిపారు. పాపకు రెండుసార్లు విరేచనాలు పట్టుకుని ఆసుపత్రిలో ఉంచాల్సి వచ్చింది. ఇదంతా ఆమె ఫిర్యాదుగా చెప్పలేదు. మామూలు సంగతిగానే చెప్పింది. మేము మాత్రం ఆ రాత్రి నిద్రపోలేదు.

మన దేశంలో పాలసీసాలకు, శిశువుల పాలపొడికి ప్రకటనలు చేయకూడదని 1992లోనే చట్టం వచ్చింది. వాటిని తల్లులకు కానుకగా పంచడం కూడా ఆ చట్టం ఒప్పుకోదు. కంపెనీలు చేయకూడదని చట్టం చెప్పిన పనిని మేము ప్రేమ పేరుతో, ప్రార్థన చేసి మరీ చేశాం.

ప్రియులారా, ఇప్పుడు వాక్యం వైపు చూద్దాం. మన రక్షకుడు పుట్టినప్పుడు లూకా రాసిన సామాను ఎంత? (లూకా 2:7) పొత్తిగుడ్డలు, పశువుల తొట్టి. గుడ్డలు తల్లివి. తొట్టి అడిగి తెచ్చుకున్నది కూడా కాదు, అక్కడ ఉన్నది. నలభై రోజుల తర్వాత దేవాలయానికి వెళ్లినప్పుడు వాళ్లు గొర్రెపిల్లను తీసుకుపోలేదు, పక్షుల జతతో వెళ్లారు (లూకా 2:24). గొర్రెపిల్లను తేలేని పేదరాలికి ధర్మశాస్త్రం ఇచ్చిన వెసులుబాటు అది (లేవీ 12:8). అంటే దేవుని కుమారుణ్ణి ప్రతిష్ఠకు తెచ్చింది పేదల కానుకతోనే. ఆ రోజు ఎవరైనా మైకులో కానుకలు చదివి ఉంటే, మరియ కూడా వెనక వరుసలోనే కూర్చునేదేమో.

యెహెజ్కేలు 16వ అధ్యాయం మొదట్లో ఒక పసిబిడ్డ ఉంది. పుట్టిన రోజు ఆ బిడ్డకు ఎవరూ బొడ్డు కోయలేదు, స్నానం చేయించలేదు, ఆ కాలపు వాడుక ప్రకారం ఉప్పు రాయలేదు, గుడ్డలు చుట్టలేదు. (ఉప్పు రాయడం ఆనాటి అలవాటు. మీరెవరూ చేయకండి!) ప్రవక్త ఈ నాలుగింటితో ఆపడు. జాలిగా చూసిన కన్ను ఒక్కటీ లేదంటాడు. అన్నిటికంటే పెద్ద కొరత అదే. బిడ్డకు కావలసినవి కొన్నే. ఆ కొన్నింటి వెనక చూసే కన్ను ఉండాలి.

ఆ కన్నుతోనే మొన్న ఆ సహోదరి కాగితాలు చూశాం. జమ్మలమడుగులో లండన్ మిషనరీ సొసైటీ వాళ్లు స్థాపించిన క్యాంప్‌బెల్ ఆసుపత్రి పుణ్యమా అని, ఈ ప్రాంతపు సంఘాల్లో నర్సు పని తెలిసిన అక్కలకు కొదవ లేదు. మన సంఘంలోని నర్సక్కను కూడా పక్కన కూర్చోబెట్టుకున్నాం. మీ ఇళ్లలో కూడా పనికొస్తుందని తేలినది ఇక్కడ రాస్తున్నాం.

కొనవలసినవి తొమ్మిది. ముందు కట్టుకునే నూలు జుబ్బాలు ఆరు, మెత్తటి తువ్వాళ్లు రెండు, టోపీ, కాళ్లకు మేజోళ్లు, రబ్బరు షీటు, గొడుగు దోమతెర, ఘాటు వాసన లేని సబ్బు, థర్మామీటరు, చిన్న గోళ్ల కత్తెర. జుబ్బాలు ఆరుకు మించి వద్దు. హన్నా సమూయేలుకు ఏటేటా ఒక చిన్న అంగీ కుట్టి తీసుకుపోయేది (1 సమూయేలు 2:19). బిడ్డ ఎదిగేకొద్దీ కుట్టింది గానీ, అన్ని ఏళ్లవీ ఒక్కసారే కుట్టిపెట్టలేదు. థర్మామీటరును చాలామంది మరిచిపోతారు. నెలల బిడ్డకు వంద పాయింట్ నాలుగు డిగ్రీలు దాటితే ఇంట్లో మందు వెయ్యకుండా, ప్రార్థన చేసుకుంటూనే ఆసుపత్రికి బయలుదేరాలి. మన కడప ఎండల్లో పుట్టిన బిడ్డకు ఇంట్లో టోపీ, ఉన్ని బట్టలు వేసి ఉడకబెట్టకండి. చలికాలంలో పుడితే కప్పి ఉంచండి.

అడిగి తెచ్చుకోవలసినవి ఆరు. ఉయ్యాల, పెద్ద స్నానపు తొట్టి, శాలువా, బయటికి వెళ్లేటప్పుడు వేసే మంచి బట్టలు, సంచి, పరుపు. ఇవన్నీ ఎవరో ఒకరి ఇంట్లో ఊరికే పడి ఉన్నవే. పులివెందుల వైపు సేవ చేసిన రోజుల్లో, పనికి వచ్చిన తల్లులు చీనీ తోటల్లో చెట్టుకు చీర ఉయ్యాల కట్టుకోవడం ఎన్నోసార్లు చూశాం. చీర ఉయ్యాల చిన్నతనం కాదు. కానీ పక్కన చూసే మనిషి ఉండాలి. రాత్రి నిద్రకు గట్టిగా, చదునుగా ఉండే పక్క మంచిది. వెల్లకిలా పడుకోబెట్టాలి. దిండు వద్దు. తల గుండ్రంగా వస్తుందని వాడే ఆవాల దిండు కూడా వద్దు.

లంగోటీలు ఎవరూ కొనవద్దు. మెత్తబడిన పాత పంచెలు, నూలు చీరలు ఉడికించి, ఎండలో ఆరబెట్టి చింపుకుంటే అంతకంటే మంచివి దొరకవు. మన పొత్తిగుడ్డలు అవే. చుట్టేటప్పుడు కాళ్లు బిగించి చాపకండి, తుంటి కీళ్లకు మంచిది కాదు. డైపరు ప్రయాణానికి ఒకటి రెండు చాలు.

గీత కొట్టినవి పదహారు. వాటిలో ముఖ్యమైనవి చెప్తాం. పాలసీసాలు, సీసాలను వేడిచేసే మిషను: ఆరు నెలల దాకా తల్లిపాలే, మంచినీళ్లు కూడా అవసరం లేదు. పాలు పిండి పట్టవలసి వస్తే మన స్టీలు ఉగ్గుగిన్నె ఉంది. సీసా కంటే అది శుభ్రం చేయడం సులువు. కాటుక: అందులో సీసం ఉండే ప్రమాదం ఉంది. పౌడరు: ఊపిరితిత్తుల్లోకి పోతుంది. నడక నేర్పే చక్రాల బండి: దాంతో నడక త్వరగా రాదు, మెట్ల మీద నుంచి పడే ప్రమాదం ఉంది. కెనడా దేశం 2004లో దాని అమ్మకాన్నే నిషేధించింది. బంగారు ఉంగరం: ప్రొద్దుటూరు బంగారానికి పేరున్న ఊరే గానీ, పసిబిడ్డ నోట్లోకి పోయే వస్తువు ఏ ఊరిదైనా ఒకటే. సాంబ్రాణి పొగ పట్టే సామాను, నాలుక మీద రాసే ఆముదం కూడా ఈ వరుసలోనే చేరాయి.

కొన్న తొమ్మిదింటికి మూడు వేలు కూడా కాలేదు. ఆమె భర్త సాయంత్రం వచ్చి, "మరి మిగిలిన లెక్క అప్పు చెయ్యనక్కర లేదా అయ్యగారూ?" అన్నాడు. వస్తువులకు అక్కర లేదు నాయనా అన్నాం. కానీ ఇప్పటి నుంచి వారానికి ఇంత అని పక్కన పెట్టు. అర్ధరాత్రి నొప్పులు వస్తే ఆటోకు, బాలింతకు పాలు, గుడ్లు, పప్పు, ఆకుకూరలకు, అన్నిటికంటే ముఖ్యంగా ఆమె ఆరు నెలలు కూలికి పోకుండా ఉండేదానికి. బిడ్డ కోసం మీరు కొనగలిగిన వాటిలో ఖరీదైనది తల్లి సమయం. వెనక వరుస పాపకు కరువైంది అదే.

ప్రభుత్వం ఇచ్చేది కూడా వదులుకోకండి. ప్రభుత్వ ఆసుపత్రిలో కాన్పు, మందులు, భోజనం, రానుపోను బండి ఉచితమని 2011 నుంచి జననీ శిశు సురక్ష కార్యక్రమం ఉంది. ప్రధానమంత్రి మాతృ వందన యోజన కింద అర్హత ఉన్న తల్లికి తొలి కాన్పుకు ఐదు వేలు వస్తుంది. అంగన్‌వాడీ అక్కను అడగండి. టీకాలు పుట్టిన రోజు నుంచే ఉచితం. కార్డు భద్రంగా దాచుకోండి. ఫిన్లండ్ దేశం 1938లో పేద తల్లులకు బిడ్డ బట్టలతో ఒక అట్టపెట్టె ఇవ్వడం మొదలుపెట్టి, 1949 నుంచి ధనిక, పేద తేడా లేకుండా అందరికీ ఇచ్చింది. తెలంగాణలో 2017లో కేసీఆర్ కిట్ వచ్చింది. ఒక రాజ్యానికి వచ్చిన ఆలోచన సంఘానికి రాకూడదా?

అందుకే మూడేళ్ల కిందట మందిరం వెనక గదిలో ఒక చెక్కపెట్టె పెట్టాం. మొదట అందులో వస్తువు వేసింది ఎవరో తెలుసా? ఆ కువైట్ సహోదరుని భార్యే. పూల ఉయ్యాల మోయించుకుని వచ్చి, "నాలుగు నెలలే పడుకున్నాడమ్మా, ఇంట్లో అడ్డంగా ఉంది" అంది. కుట్టుమిషను ఉన్న ఒక అక్క తెల్ల గౌను కుట్టింది. ఆ నాటి నుంచి మన సంఘంలో ప్రతిష్ఠకు వచ్చే ప్రతి బిడ్డా అదే గౌను వేసుకుంటుంది, ఇంట్లో ఎంత ఉన్నా లేకున్నా. కానుకలు మైకులో చదవడం మానేశాం.

ఆ గౌను మొదట వేసుకున్నది వెనక వరుస పాప. అప్పటికి ఎనిమిది నెలలు నిండాయి కాబట్టి గౌను బిగుతైంది. వెనక గుండీలు పడలేదు. తల్లి అరచేయి అడ్డం పెట్టి పట్టుకుంది. ప్రార్థన చేస్తూ మేము ఆ చేతినే చూశాం. ముందు ఆమెను క్షమాపణ అడిగి, తర్వాతనే పాప తలమీద చెయ్యి పెట్టాం. ఇప్పుడు ఆ పాప సండే స్కూల్లో అందరికంటే గట్టిగా పాడుతుంది.

ఈ ఆదివారం ఆరాధన అయ్యాక పెట్టె తెరుస్తాం. ఇచ్చేవాళ్లు ఉతికి, ఎండలో ఆరేసి తీసుకురండి. తీసుకునేవాళ్లు ఎవరినీ అడగనక్కర లేదు, పుస్తకంలో పేరు రాయనక్కర లేదు. పాలసీసాలు మాత్రం తేకండి.

ప్రార్థన చేద్దాం. తండ్రీ, పశువుల తొట్టిలో నీ కుమారుణ్ణి పడుకోబెట్టావు. మా గొప్పల వల్ల ఏ బిడ్డ నీ దగ్గరికి రాకుండా ఆగిపోయిందో, ఆ పాపాన్ని మాకు క్షమించు. ఆ సహోదరికి సుఖప్రసవం దయచేయి. పుట్టబోయే ప్రతి బిడ్డకూ చాలినన్ని గుడ్డలు, నిండుగా పాలు, జాలిగా చూసే కన్ను మా సంఘంలో ఉండేలా చేయి. యేసు నామంలో అడుగుతున్నాం. ఆమేన్.