గ్లూకోజు నీళ్ళు

1998లో, ఎమ్మెస్సీ ప్రాజెక్టు పేరిట, ఆరు ఎలుకలకు మధుమేహం తెప్పించబోయాను. ఏదో ఆకు పసరు షుగరును తగ్గిస్తుందేమో చూడడం మా పని. తగ్గించాలంటే ముందు పెంచాలి కదా! అందుకు వాడే పదార్థం పేరు అలోగ్జాన్. చర్మానికి తగిలితే ఎర్రగా మరక పడుతుంది. ఒంటి వేడిలో ఒకటిన్నర నిమిషానికే సగం విచ్ఛిన్నమైపోతుంది కనుక చల్లని సెలైనులో కలిపి వెంటనే సూది వేయాలి. ముందు రాత్రి ఎలుకలను పస్తుంచాలి. సూది వేశాక, మర్నాటి దాకా, అవి తాగే సీసాలో గ్లూకోజు నీళ్ళు పెట్టాలి.

ఆ చివరి పని మరిచి, మామూలు నీళ్ళు నింపి, సినిమాకు పోయాను.

ఉదయం వచ్చేసరికి నాలుగు ఎలుకలు బిగుసుకుపోయి ఉన్నాయి. మిగిలిన రెండింటిలో ఒకటి కాళ్ళు కొట్టుకుంటోంది. షుగరు విపరీతంగా పెరిగి చచ్చాయనే అనుకున్నాను. మా గురువుగారు పంజరం కేసి చూసి, సీసా కేసి చూసి, "పెరిగి కాదయ్యా, పడిపోయి చచ్చాయి" అన్నారు. అంతకు మించి ఏమీ అనలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

ఆ మాట అర్థం కావడానికి నాకు చాలా పుస్తకాలు తిరగెయ్యవలసి వచ్చింది.

అలోగ్జాన్‌కు ఆ పేరు పెట్టింది వోలర్, లీబిగ్‌లు, 1838లో. అది క్లోమాన్ని దెబ్బతీస్తుందని తెలిసింది మాత్రం 1943లో, గ్లాస్గోలో. అక్కడ డన్, ఆయన సహచరులు పరిశోధిస్తున్నది నిజానికి మూత్రపిండాల సంగతి. కుందేళ్ళకు ఈ పదార్థం ఎక్కించి చూస్తే లాంగర్‌హాన్స్ పుటికలలోని కణాలు చచ్చి కనిపించాయి.

ఇన్సులిన్ స్రవించే బీటా కణానికి నెత్తురులో చక్కెర ఎంత ఉందో ఎలా తెలుస్తుంది? దానికి నాలుక లేదు. ఆ రుచి చూసేది గ్లూకోకైనేజు అనే ఎంజైము. గ్లూకోజుకు ఒక ఫాస్ఫేటును తగిలించడం దాని ఉద్యోగం. దాని దాయాదులైన ఇతర హెక్సోకైనేజులు చక్కెర రవ్వంత ఉన్నా దాదాపు పూర్తి వేగంతో పనిచేసేస్తాయి. ఇది అలా కాదు. డెసిలీటరుకు సుమారు 144 మిల్లీగ్రాముల దగ్గర గాని సగం వేగం అందుకోదు. అంటే, భోజనానికి ముందూ తరువాతా మన చక్కెర ఊగిసలాడే ఆ కొద్ది మేరలోనే దీని వేగమూ పెరిగి తగ్గుతుంది. ఆ వేగాన్ని బట్టి కణంలో ఏటీపీ పెరుగుతుంది. ఏటీపీ పొటాషియం ద్వారాలను మూస్తుంది. దానితో కణపు పొర మీది విద్యుత్తు మారి, కాల్షియం లోపలికి వస్తుంది, ఇన్సులిన్ బయటికి పోతుంది. (ఆ ఏటీపీని 1929లో వెలికితీసినవారిలో భీమవరంలో పుట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావు ఒకరు. సందర్భం దొరికితే ఈ మాట చెప్పకుండా ఉండలేను, క్షమించాలి.)

ఈ ఎంజైములో సిస్టీన్ అనే అమైనో ఆమ్లాలు కొన్ని ఉన్నాయి. ఒక్కొక్క దాని కొసన ఒక గంధకపు పరమాణువు. అలోగ్జాన్ చేసే మొదటి పని ఆ గంధకాలను ఆక్సీకరించడం. 1980లలో జర్మనీలో లెంజెన్, ఆయన తోటివారు దీనిని తేల్చారు. గంధకానికీ గంధకానికీ ముడి పడితే ఎంజైము మడతలు కదలవు, పని ఆగిపోతుంది. కణం ఇంకా బ్రతికే ఉంటుంది, గదుల నిండా ఇన్సులిన్ ఉంటుంది, కాని తీపి తెలియదు. అందుకని మొదటి కొన్ని గంటలు నెత్తురులో చక్కెర పెరుగుతుంది. ఆపైన అలోగ్జాన్ పుట్టించిన ఆక్సిజన్ రాడికల్సు కణాన్నే చీల్చేస్తాయి. దాచిన ఇన్సులినంతా, ఎవరూ అడగకుండానే, ఒక్కసారిగా కారిపోతుంది. నా ఎలుకలు పోయింది ఆ గంటలలోనే. గ్లూకోజు నీళ్ళు అందుకోసం.

ఇంకొక సంగతి తెలిసి చాలాసేపు పుస్తకం మూసి కూర్చున్నాను. ఎంజైము చేతిలో అప్పటికే గ్లూకోజు ఉంటే అలోగ్జాన్ దాన్ని అంత సులువుగా చెడపలేదు. ఎలుకలను ముందుగా పస్తుంచేది అందుకేనన్నమాట.

అన్ని మార్పులూ ఇలా చెరుపు చేసేవి కావు. ఇన్సులిన్ రేణువులకు అతుక్కుని ఉన్న గ్లూకోకైనేజును, దాని గంధకం మీదికి నైట్రిక్ ఆక్సైడు చేరి విడిపిస్తుందని, అలా విడిపడ్డది చురుకుగా పనిచేస్తుందని 2003లో రిజ్జో, పిస్టన్ చూపించారు. కణం తన ఎంజైమును తానే సవరించుకుంటుంది.

2001లో తొలి ఏకాదశి నాడు నాన్నగారు ఉపవాసం ఉండి, అలవాటు కొద్దీ పొద్దున్నే గ్లిబెన్‌క్లమైడ్ మాత్ర వేసుకున్నారు. మధ్యాహ్నానికి చొక్కా తడిసిపోయేలా చెమటలు. నన్ను చూసి ఎప్పుడో పోయిన మా బాబాయి పేరుతో పిలిచారు. "దేవుడి గదిలోంచి తీర్థం పట్రారా" అంది అమ్మ, ఏం చెయ్యాలో తెలియక. నాకు మాత్రం కాళ్ళు కొట్టుకుంటున్న ఆ ఎలుక కనిపించింది. ఆ మాత్ర పొటాషియం ద్వారాన్ని నేరుగా మూసేస్తుంది. తీపి ఉందా లేదా అని గ్లూకోకైనేజును అడగదు. ఒంట్లో చక్కెర లేకపోయినా ఇన్సులిన్ వస్తూనే ఉంటుంది.

గుటక వేయగలుగుతున్నారు కనుక వంటింట్లో ఉన్న గ్లూకోజు పొడి గ్లాసుడు నీళ్ళలో కలిపి పట్టించాను. పావుగంటకు తేరుకుని, "ఉపవాసం చెడగొట్టావు కదరా" అన్నారు.

అప్పటినుంచీ అమ్మ దేవుడి గదిలో, పంచపాత్ర పక్కన, ఒక గ్లూకోజు పొట్లం పెట్టి ఉంచేది. ఎలుకల సంగతి నాన్నగారికి నేనెప్పుడూ చెప్పలేదు.