ఆ వంద మిల్లీసెకన్లు

కొన్నేళ్ళ క్రితం ఒక చిన్న కంపెనీలో చేసేవాణ్ణి. షాపుల్లో బిల్లులు కొట్టే మిషన్ల కోసం లైనక్స్ కర్నెల్‌ని మేమే కొంత మార్చుకుని వాడేవాళ్ళం. ప్రింటర్ డ్రైవర్‌లో ఒక వరుస ఉండేది: ప్రింటర్‌కి కరెంట్ ఇచ్చాక వంద మిల్లీసెకన్లు ఆగు, అని. ఎందుకాగాలో పైనా కిందా ఒక్క ముక్క రాసి లేదు. రాసినతను ఎప్పుడో మానేశాడు. తీసేసి చూశాను. నా టేబుల్ మీదున్న మూడు ప్రింటర్లూ బాగానే పనిచేశాయి. కోడ్ శుభ్రం చేశానన్న తృప్తితో ఇంటికెళ్ళిపోయాను.

రెండు వారాలకి, నల్గొండ వైపు తిరిగే సర్వీస్ టెక్నీషియన్ ఫోన్ చేశాడు.

"సార్, కొత్త అప్‌డేట్‌ల ఏమన్న మార్చిన్రా? పాత మిషన్లల్ల బిల్లు మీద షాపు పేరు వస్తలేదు."

పాత ప్రింటర్ నిద్ర లేవడానికి కాస్త టైం పడుతుంది. అది లేచేలోపు మేం పంపిన మొదటి అక్షరాలు గాల్లో కలిసిపోతున్నాయి. "అవి చాలా పాతవి కదా, ఇంకా వాడుతున్నారా?" అన్నాను.

"మనకు పాతయి సార్. వాళ్ళకున్నది అదే."

ఒక మందుల షాపాయన వారం నుంచీ ప్రతి బిల్లు మీదా రబ్బరు స్టాంపు కొడుతున్నాడట.

కర్నెల్ రాసేవాళ్ళు ఇలాంటివాటిని క్విర్క్స్ అంటారు. చాదస్తాలు అనుకోండి. ప్రమాణాల పుస్తకం ఒకటి చెప్తుంది, చిప్ ఇంకోటి చేస్తుంది. ఫ్యాక్టరీ దాటి వచ్చేసిన చిప్‌ని దిద్దే దారి చాలాసార్లు ఉండదు. సర్దుకోవాల్సింది సాఫ్ట్‌వేరే.

వీటిలో నాకిష్టమైనది ఏ20 కథ. ఇంటెల్ 8086కి మెమరీ చిరునామా చెప్పడానికి ఇరవై తీగలే. ఒక మెగాబైట్ దాటితే లెక్క మళ్ళీ సున్నాకి వచ్చేది. కొన్ని ప్రోగ్రాములు ఆ తిరగడాన్నే నమ్ముకున్నాయి. 1984లో ఐబీఎం తన ఏటీ మిషన్‌లో 80286 పెట్టింది. దానికి ఇరవై నాలుగు తీగలు, కాబట్టి లెక్క తిరగదు, ఆ ప్రోగ్రాములు పడిపోతాయి. అందుకని ఏ20 అనే ఇరవయ్యొకటో తీగకి ఒక గేటు పెట్టారు. ఆ గేటుని నడపడానికి కీబోర్డ్ కంట్రోలర్‌లో ఖాళీగా ఉన్న ఒక పిన్నుని వాడుకున్నారు. మెమరీ తలుపు తాళం కీబోర్డు చేతిలో! పాత బయోస్ పద్ధతిలో బూట్ అయితే లైనక్స్ ఇవాళ్టికీ ఆ తీగ తెరుచుకుందో లేదో చూస్తుంది. లేకపోతే బయోస్‌ని అడుగుతుంది, కీబోర్డ్ కంట్రోలర్‌ని అడుగుతుంది, ఇంకో పోర్టు తడుతుంది. ఇలా 255 సార్ల దాకా ప్రయత్నించి గానీ ఓడిపోయానని చెప్పదు.

యూఎస్‌బీ స్టోరేజ్ డ్రైవర్‌లో చాదస్తపు పరికరాల కోసం ఒక పెద్ద పట్టికే ఉంది. అందులో పరికరం చేర్చాలంటే దాని పైన మీ మెయిల్ పెట్టాలి, వీలైతే కారణం కూడా రాయాలి. ఏదో ఊళ్ళో ఎవరి కెమెరానో మొరాయిస్తే వాళ్ళ పేరు ఇంకా అక్కడ ఉంటుంది. మొదటిసారి ఆ ఫైల్ చదివినప్పుడు కోడ్ చదువుతున్నట్టు లేదు, ఎవరింట్లోనో పాత డైరీ తిరగేస్తున్నట్టుంది.

అలాగని అన్నీ దాచుకోమని కాదు. లినస్ టోర్వాల్డ్స్ 1991లో లైనక్స్ మొదలుపెట్టిందే 386 మీద. 2012 డిసెంబర్‌లో ఆ 386కే మద్దతు తీసేశారు. తర్వాత వచ్చిన 486లో ఉన్న కొన్ని సూచనలు దాంట్లో లేవు. ఆ ఒక్కదాని కోసం కర్నెల్ పునాదిలో వేరే దారులు పెట్టి, ఏం మార్చినా వాటినీ మోయాల్సొచ్చేది. తనకి అలాంటి సెంటిమెంట్లు లేవనే అన్నాడు లినస్. 2019లో ఫ్లాపీ డ్రైవర్ చూసుకునే మనిషి దగ్గర పనిచేసే ఫ్లాపీ డ్రైవే లేకుండా పోయింది. ఆ డ్రైవర్‌ని అనాథగా ప్రకటించారు, తర్వాత ఇంకొకరు ముందుకొచ్చి తీసుకున్నారు. చేతిలో వస్తువు లేనప్పుడు కోడ్ నడుస్తోందని ఎవరు చెప్తారు?

386ని తీసినవాళ్ళకి ఏం తీస్తున్నారో తెలుసు, ఎవరికి నష్టమో తెలుసు, ఆ మాట బయటికి చెప్పి తీశారు. నాకు ఏదీ తెలీదు. పాత కావ్యాల్ని పరిష్కరించేవాళ్ళు అర్థం కాని మాటని మార్చినా, పాతదాన్ని పేజీ అడుగున పాఠాంతరంగా ఉంచుతారు. ఈ సంగతి తెలిసి, వాటి మీద వ్యాసాలు రాసుకునే నేను ఆ మర్యాద ఒక డ్రైవర్‌కి చూపించలేకపోయాను. అర్థం కాలేదు కాబట్టి అక్కర్లేదనుకున్నాను.

ఆ వరుస మళ్ళీ పెట్టాను. పైన మూడు వరుసల వ్యాఖ్య రాశాను: ఏ ప్రింటర్, ఆగకపోతే ఏమవుతుంది, ఎప్పుడు తీసెయ్యొచ్చు. నాలుగో వరుసలో అతని పేరు పెట్టొచ్చా అని టెక్నీషియన్‌కి ఫోన్ చేసి అడిగాను.

"నా పేరెందుకు సార్?" అన్నాడు నవ్వి.

"రేపు నాలాంటోడు దీన్ని తీసెయ్యబోతే, ఎవర్ని అడగాలో తెలియాలి కదా."

కాసేపాగి, తన పేరు ఇంగ్లీషులో ఎలా రాయాలో ఒక్కో అక్షరమే చెప్పాడు.