గర్వానికి జామీను ఎందుకు?

ఒక జాతి తన గొప్పవాళ్ల పేర్లు వరసపెట్టి చదువుతోందంటే, ఎక్కడో దానికోసం ఒక బోను తయారై ఉందన్నమాట. ఈ సంగతి ముస్లింలకు ఒకరు చెప్పాల్సిన పనిలేదు. అష్ఫాఖుల్లా ఖాన్, హవల్దార్ అబ్దుల్ హమీద్, ఆ తర్వాత అబ్దుల్ కలాం. ఈ పేర్లంటే మాకు ప్రేమే. కానీ వీటిని మేం ఎక్కువగా వాడింది జామీను కాగితాల్లాగే. ఎవరు వేలెత్తి చూపినా జేబులోంచి తీసి చూపించాం.

ఇదే పని చేసే మరో జనాన్ని మా టోలీచౌకీలోనే చూశాను. నైజీరియా నుంచి చదువుకోవడానికి వచ్చిన పిల్లలు. వాళ్లలో ఒకడు లాగోస్ కుర్రవాడు, యోరుబా ముస్లిం. జుమ్మా నమాజులో చాలాసార్లు నా పక్కనే నిలబడ్డాడు. "ఏ దేశం భాయ్?" అని ఎవరైనా అడిగితే దేశం పేరు చెప్పి ఊరుకోడు. వోలె సోయింకాకు 1986లో నోబెల్ వచ్చిందంటాడు. చినువా అచెబె మావాడంటాడు. అమెరికా వెళ్లిన నైజీరియన్లలో సగానికి పైగా డిగ్రీలున్నవాళ్లేనంటాడు. ఇవన్నీ నిజాలే. కాకపోతే అవతలివాడు అడిగింది దేశం. ఇతను ఇస్తున్నది సాక్ష్యం.

ఎందుకివ్వాల్సి వస్తోంది? 'నైజీరియా' అనగానే ఎదుటివాడి కళ్లల్లో ఏం కదులుతుందో అతనికి తెలుసు. మత్తుమందులు, మోసపు ఉత్తరాలు. వాళ్ల నేరశిక్షాస్మృతిలో మోసానికి సంబంధించిన సెక్షన్ 419. ఆ అంకె ఇరవై కోట్లు దాటిన జనానికి ఇంటిపేరై కూర్చుంది. పట్టుబడేది ఒకడు, సంజాయిషీ అందరిదీ. 2017 మార్చిలో గ్రేటర్ నోయిడాలో ఒక అబ్బాయి చనిపోతే, నైజీరియా వాళ్లు మనుషుల్ని తింటారని పుకారు లేచింది. షాపింగ్ మాల్‌లో దొరికిన నైజీరియా విద్యార్థుల్ని గుంపులు వెంటాడి కొట్టాయి. ముందు పుకారు, తర్వాత గుంపు, ఆ తర్వాత దెబ్బలు. ఈ వరస మాకు మాత్రం కొత్తా?

ఆ పుకారూ కొత్తది కాదు. 1924లో లండన్ పత్రిక ఒకటి నైజీరియన్ల గురించి ఇలాగే నరమాంసం, చేతబడి అంటూ రాసింది. అక్కడ న్యాయశాస్త్రం చదువుతున్న లాడిపో సొలాంకె అనే యోరుబా విద్యార్థి దాన్ని ఖండిస్తూ ఉత్తరం రాశాడు. మరుసటేడు, 1925లో, అతనూ మరికొందరూ కలిసి లండన్‌లో పశ్చిమాఫ్రికా విద్యార్థి సంఘం పెట్టారు. స్వాతంత్ర్య ఉద్యమ నాయకులు ఎందరో ఆ సంఘం గుండా నడిచినవాళ్లే. చూడండి, సొంత ఊళ్లో హౌసా, యోరుబా, ఇగ్బో అని విడివిడిగా ఉన్న మనుషులు పరాయి నేల మీద ఒకే తిట్టు తిని ఒకటయ్యారు. అసలు 'నైజీరియా' అన్న పేరే వాళ్లు పెట్టుకున్నది కాదు. 1897లో ఫ్లోరా షా అనే ఇంగ్లీషు విలేకరి లండన్ పత్రికలో సూచించిన పేరది. కానీ ఆకుపచ్చ-తెలుపు-ఆకుపచ్చ జెండాను గీసింది మాత్రం వాళ్లవాడే, తైవో అకిన్‌కున్మి. 1959లో అతనూ లండన్‌లో చదువుకుంటున్న విద్యార్థే. దూరంగా ఉన్నవాడికే జెండా అవసరం ఎక్కువేమో.

అయితే జెండాను ప్రేమించడమంటే దాని కింద కూర్చున్న పాలకుణ్ణి ప్రేమించడమా? దీనికి జవాబు వాళ్ల 1990ల చరిత్రలో ఉంది.

1993 జూన్ 12 ఎన్నికల్లో ఎం.కె.ఓ. అబియోలా గెలిచాడు. యోరుబా ముస్లిం. ఉపాధ్యక్ష పదవికి ఆయనతో నిలబడ్డ బాబాగానా కింగిబే కూడా ముస్లిమే. జనాభాలో దాదాపు సగం క్రైస్తవులున్న దేశంలో క్రైస్తవులు కూడా ఆ జంటకు ఓట్లేశారు. సైనిక పాలకులు ఎన్నికను రద్దు చేశారు. అబియోలాను జైల్లో పెట్టారు. 1995 నవంబరు 10న రచయిత కెన్ సారో-వివాను ఉరి తీశారు. 1996 జూన్ 4న అబియోలా భార్య కుదిరత్‌ను లాగోస్‌లో కాల్చి చంపారు. ఆ ఏడాదే, దేశం విడిచి వెళ్లిన నైజీరియన్లు పరాయి దేశం నుంచి ఒక రహస్య రేడియో నడిపారు. దాని పేరు రేడియో కుదిరత్. వెనకుండి నడిపించినవాళ్లలో క్రైస్తవ ఇంట్లో పుట్టిన సోయింకా ఒకరు. ఒక ముస్లిం స్త్రీ పేరు దేశం గొంతయింది.

కుదిరత్ హత్య జరిగి రెండు నెలలు తిరక్కుండానే, ఆగస్టు 3న, అట్లాంటా ఒలింపిక్స్‌లో నైజీరియా జట్టు అర్జెంటీనాను 3-2తో ఓడించి ఫుట్‌బాల్ స్వర్ణం గెలుచుకుంది. నియంతను తిట్టుకునే నోళ్లే ఆ జట్టుకు జేజేలు కొట్టాయి. ఇందులో వాళ్లకు వైరుధ్యం కనపడలేదు. వాళ్ల దేశం వాళ్లది, నియంతది కాదు. బ్రిటన్‌లో 1990లో నార్మన్ టెబిట్ అనే నాయకుడు వలసవచ్చినవాళ్లకు ఒక పరీక్ష పెట్టాడు: క్రికెట్‌లో ఎవరి పక్షం? మేం మాత్రం ఆ పరీక్షను హాల్‌టికెట్టు లేకుండానే ప్రతి భారత్-పాకిస్తాన్ మ్యాచికీ రాస్తున్నాం.

ఇక వారసత్వం. అది జెండాలో కన్నా పేర్లలో, దస్తర్‌ఖాన్ మీద ఎక్కువ బతుకుతుంది. ఖుద్రత్ అనే అరబ్బీ మాట యోరుబా నోట్లో పడి కుదిరత్ అయింది. ముర్తజా హౌసా నోట్లో ముర్తలా అయ్యాడు. మా ఊళ్లలో హుసేన్ ఉసేనయినట్టు, సయ్యద్ సైదులయినట్టు. అరబ్బుల్లా పలకలేదని వాళ్లేమీ తక్కువ ముస్లింలు కాలేదు. ఈద్‌ను వాళ్లు సల్లా అంటారు. ఈ కుర్రవాడి పిన్ని లండన్‌లో పెక్‌హామ్‌లో ఉంటుందట. అక్కడికి దగ్గర్లో ఓల్డ్ కెంట్ రోడ్డు మీద నైజీరియా ముస్లింలు ఒకప్పటి పబ్బును కొని మసీదు చేసుకున్నారు. సల్లాకు క్రైస్తవులైన మేనమామలు ఆమె ఇంటికొస్తారు, క్రిస్మస్‌కు ఈమె వెళ్తుంది. రెండు పండగలకీ జొలోఫ్ అన్నమే. టమాటా, మిరప, ఉల్లి వేసి ఎర్రగా వండే అన్నం. అది మాదంటే మాదని ఘనా వాళ్లతో వాదులాట. నిజానికి పుట్టింది సెనెగల్ ప్రాంతపు వొలోఫ్‌ల ఇళ్లలో!

ఘనా అంటే ఇంకో సంగతి గుర్తొస్తుంది. 1969లో ఘనా నైజీరియన్లను తరిమింది. 1983లో నైజీరియా దాదాపు పది లక్షల మంది ఘనా వాళ్లను వెళ్లగొట్టింది. వాళ్లు సామాను కుక్కుకున్న గళ్ల సంచికి 'ఘనా మస్ట్ గో' అనే పేరే స్థిరపడింది. గర్వంగా చదివే పేర్ల జాబితాలో ఈ సంచి ఉండదు. 1967-70 బియాఫ్రా యుద్ధంలో ఆకలితో చనిపోయిన లక్షలాది మందీ ఉండరు. ఉత్తరాది హౌసా ముస్లింకి చోటు మరీ తక్కువ. 2014లో చిబోక్‌లో 276 మంది అమ్మాయిల్ని బోకోహరామ్ ఎత్తుకుపోయాక అతని మీద రెండు ముద్రలు పడ్డాయి. నైజీరియన్ గనక మోసగాడు, ముస్లిం గనక ఉగ్రవాది. బోకోహరామ్ చంపినవాళ్లలో ఎంతోమంది ముస్లింలేనన్న మాట ఎవరి చెవికీ ఎక్కదు.

గొప్పవాళ్ల జాబితాతో వచ్చే చిక్కు ఇదే. అది సోయింకాను విడిపిస్తుంది. పరీక్ష తప్పిన కుర్రవాణ్ణి, టాక్సీ నడిపేవాణ్ణి, గడ్డం పెంచిన హౌసావాణ్ణి బోనులోనే వదిలేస్తుంది. మా జాబితా కూడా అంతే. కలాం బయటికొస్తాడు, పంక్చర్లు వేసే సైదులు లోపలే ఉంటాడు.

మరి మేమేం చేస్తున్నాం? ఈ నగరంలో పేరు వినగానే మాకు ఇల్లు లేదు పొమ్మనే వీధులున్నాయి. ఆ దెబ్బ తిన్నవాళ్లలోనే కొందరు, తాము ఇంటి యజమానులయ్యేసరికి నైజీరియా పిల్లలకు అద్దె పెంచి చెప్తారు. వాళ్లు అటు తిరగ్గానే 'హబ్షీ' అంటారు. మసీదులో భుజం భుజం కలిపి నిలబడ్డ ఉమ్మత్ గేటు దగ్గరికొచ్చేసరికి ఆగిపోతోంది. లౌకికవాదులైన మిత్రులు కూడా ఇక్కడ ఒకసారి తమ గేటు వైపు చూసుకోవాలి.

ఇల్లు అద్దెకడగడానికి వచ్చినవాడు చూపించాల్సింది అద్దె డబ్బులు. నోబెల్ బహుమతి కాదు.