మా ఊళ్ళో దీనారు

రాజంపేట చుట్టుపక్కల పల్లెల్లో మా చిన్నప్పుడు రూపాయి తర్వాత అందరి నోటా వినపడిన డబ్బు పేరు దీనారు. ‘ఈ నెల దీనారు ఎంత పలుకుతాంది?’ అని రచ్చబండ కాడ వక్కాకు నములుతా ఒకరినొకరు అడిగేవాళ్ళు. చాలా ఇళ్ళల్లో ఎవరో ఒకరు కువైట్‌లో ఉండేవారు, డ్రైవరుగానో ఇంటిపనికో. మిద్దె కట్టినా, ఆడపిల్ల పెళ్ళి చేసినా ఆ డబ్బుతోనే.

మా చిన్నాయన సెలవుకొచ్చినప్పుడు నా చేతిలో వంద ఫిల్సుల బిళ్ళ పెట్టినాడు. ఒకవైపు తెరచాప ఎత్తిన పడవ, ఇంకోవైపు నాకు చదవడం రాని అక్షరాలు. బడికి తీసుకుపోతే మా తెలుగు అయ్యవారు దాన్ని చాలాసేపు తిప్పి తిప్పి చూశారు. ప్రౌఢదేవరాయలు శ్రీనాథుడికి కనకాభిషేకం చేయించింది దీనార టంకాలతోనేననీ, మీ చిన్నాయన సంపాదించేదీ ఆ పేరు డబ్బేననీ చెప్పారు. తరగతంతా నావైపు తిరిగింది.

మిగతా దారి పెద్దయ్యాక నేనే వెతుక్కున్నాను. క్రీ.పూ. 211 ప్రాంతంలో రోమ్‌లో పుట్టిన వెండి నాణెం దెనారియుస్. అది పది ‘ఆస్’ల విలువ చేసేది. లాటిన్‌లో ‘పదేసి’ అనే మాట నుంచి ఆ పేరొచ్చింది. గ్రీకుల నోట దెనారియోన్ అయింది. మిరియాల వర్తకం సాగిన కాలంలో మన దేశానికొచ్చి సంస్కృతంలో దీనారమైంది, గుప్తుల బంగారు నాణేనికి పేరైంది. ఇంకో పాయ సిరియా మీదుగా అరబ్బులకు చేరింది. 7వ శతాబ్దం చివర ఖలీఫా అబ్దుల్ మాలిక్ బంగారు దీనారు వేయించాడు. స్పానిష్‌లో దినేరో, ఇటాలియన్‌లో దెనారో అంటే ఇప్పుడు ఉత్త డబ్బే. ఇంగ్లండులో పెన్నీని 1971 దాకా ‘డి’ అక్షరంతో రాసిందీ దెనారియుస్ వల్లే. నా బిళ్ళ మీది ఫిల్సు సైతం లాటిన్ ‘ఫొల్లిస్’ నుంచి వచ్చిందే.

రెండు పాయలూ మా ఊళ్ళో కలిశాయి. ఒకటి అయ్యవారి పాఠంలో, ఒకటి చిన్నాయన జేబులో.

1990 ఆగస్టు 2న ఇరాక్ కువైట్‌ను ఆక్రమించింది. చిన్నాయన జోర్డాన్ శిబిరాల్లో కొన్నాళ్ళుండి, అమ్మాన్ నుంచి విమానంలో బొంబాయి చేరి, చిక్కి సగమై ఇంటికొచ్చినాడు. బనియను లోపల కుట్టుకున్న గుడ్డసంచి విప్పి నోట్లన్నీ మంచం మీద పరిచినాడు. ఇరాక్ వాటిని రద్దు చేసేసింది. మార్చుకునే చోటు మాకు దొరకలేదు.

‘వాళ్ళ డబ్బుకు పేరేందిరా?’ అని అడిగింది జేజి.

‘అదీ దీనారేమ్మా.’

జేజికి ఆ సంగతి ఎంతకీ మింగుడుపడలేదు. 1991 మార్చిలో కువైట్ కొత్త నోట్లు వేసింది. ఆ ఏడే చిన్నాయన మళ్ళీ బయల్దేరినాడు.